చేపనూనె తినే ఈస్టు

రొట్టెపిండిని పొంగించే ఈస్టుకు చక్కెర ఇష్టం. వట్టి చేపనూనె పోస్తే అది ఎదగలేదు. కాని యారోవియా లైపోలిటికా అనే మరో ఈస్టుకు నూనే భోజనం! నీటిలో కరగని నూనెను అదెలా తింటుంది? లైపేజ్ అనే ఎంజైమును బయటికి వదిలి, నూనెను కొవ్వు ఆమ్లాలుగా, గ్లిజరాల్‌గా విడగొడుతుంది. తరువాత కొవ్వు ఆమ్లాల పొడవాటి గొలుసులను లోపలికి తీసుకుని, రెండేసి కర్బన పరమాణువుల చొప్పున తెంచుకుంటూ పోతుంది. కొన్ని బూజులదీ ఇదే పద్ధతి.

అయితే నూనెలో నత్రజని లేదు. అది లేనిదే మాంసకృత్తులు తయారు కావు. కనుక అమ్మోనియం లవణం కలపాలి. చక్కెరకన్న నూనెకు ఆమ్లజని కూడా ఎక్కువ కావాలి. గాలి ఊదుతూ బాగా చిలకాలి. లేకుంటే నూనె పైన తేలుతుంది, ఈస్టు అడుగున పస్తుంటుంది! చేపలను శుభ్రంచేసే చోట మిగిలిపోయే నూనెను ఇలా మాంసకృత్తులుగల దాణాగా మార్చవచ్చు.

విచిత్రమేమంటే, ఇదే ఈస్టు జన్యువులను మార్చి, చేపనూనెలో ఉండే ఇ.పి.ఎ. అనే కొవ్వు ఆమ్లాన్ని చక్కెరనుంచి తయారుచేయించినట్లు 2013లో అమెరికాలోని డ్యూపాంట్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు.