ఎగురు యంత్రములు – వాటి పేర్లు

ఆకాశమున నెగురు యంత్రములకు ఇంగ్లీషులో పేర్లు పెక్కు గలవు. ‘ఏరోప్లేన్’ అను మాట మొదట యంత్రమంతటికిని చెల్లినది కాదు. 1906లో రైటు సోదరులు పొందిన పేటెంటులో అది రెక్కల తలమునకే పేరు. యంత్రమును వారు ‘ఫ్లయింగ్ మెషీన్’ అనిరి. ‘ఎయిర్‌క్రాఫ్ట్’ అన్నచో బెలూనును, హెలికాప్టరును కూడ అందులో చేరును. ఒకటైనను పదియైనను ఆ మాట మారదు. చివర ‘స్’ చేర్చుట తప్పు.

ఇట్టి భేదములు పండితుల వినోదమునకే యని తలంపరాదు. దొంగసొత్తని యెరిగియు ఒక విమానమును 1926లో అమెరికాలోని ఇల్లినాయి నుండి ఓక్లహోమాకు చేర్పించెనని ఒకనికి మూడేండ్ల జైలు, రెండువేల డాలర్ల జరిమానా విధించిరి. దొంగిలించిన మోటారు బండ్లను రాష్ట్రములు దాటించరాదను 1919 నాటి చట్టమే అందుకు ఆధారము. అందు కారు, లారీ, మోటారు సైకిలు అని చెప్పి, తనంత నడచు ఇతర ‘వెహికిల్’ ఏదైనను అని చేర్చిరి. విమానము వెహికిల్ అగునా? మన భాషలో గరుత్మంతుడును వాహనమే! కాని ఆ ఇంగ్లీషు మాట వినగనే సామాన్యునకు నేలపై సాగు బండియే మనస్సున మెదలునని 1931లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి హోమ్స్ తీర్పు వ్రాసెను. చట్టము పుట్టునాటికి విమానములు ఎల్లరు ఎరిగినవే; అయినను వాటి పేరు అందు లేదు. శిక్ష రద్దయ్యెను.