కఠిన జలం – గృహోపకరణాలపై ప్రభావం

సబ్బుతో సులువుగా నురగ రానివ్వని నీరు కఠిన జలం. అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారతాయి. బైకార్బొనేట్ల వల్ల వచ్చే తాత్కాలిక కాఠిన్యం మరిగిస్తే పోతుంది. క్లోరైడ్లు, సల్ఫేట్ల వల్ల వచ్చే శాశ్వత కాఠిన్యం పోదు.

ఇంట్లో ఎక్కువ నష్టం నీళ్లు కాచే పరికరాలకే. గీజరులో నీరు వేడెక్కగానే కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి, కాల్షియం కార్బొనేట్‌గా కాయిల్‌కు పట్టేస్తుంది. ఈ తెల్లటి పొర వేడిని నీటికి సరిగా చేరనివ్వదు. నీరు ఆలస్యంగా కాగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. లోపలే చిక్కుకున్న వేడికి చివరకు కాయిల్ కాలిపోతుంది. వాషింగ్ మెషీన్ హీటరుకూ ఇదే గతి. షవరు రంధ్రాలు పూడుకుపోతాయి. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం ఈ పొరను కరిగిస్తుంది.

కాఠిన్యాన్ని తొలగించే పద్ధతుల్లో, సున్నం కలిపే క్లార్క్ పద్ధతి తాత్కాలిక కాఠిన్యానికి వాడేది. శాశ్వత కాఠిన్యాన్ని వాషింగ్ సోడాతో, పెర్మ్యుటిట్ వంటి అయాన్ వినిమయ పద్ధతులతో తొలగిస్తారు. ఐఎస్ 10500:2012 ప్రకారం తాగునీటిలో మొత్తం కాఠిన్యం, కాల్షియం కార్బొనేట్ లెక్కన, లీటరుకు 200 మి.గ్రా. వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనిచోట 600 మి.గ్రా. వరకు అనుమతిస్తారు.