‘ఆహారం’ తెలిసినవారికి ‘ఎక్స్‌పోర్ట్’ కష్టమా?
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు ఇంటర్ బైపీసీ. రోజుకు ఇరవై ఇంగ్లిష్ మాటలు బట్టీ పడుతున్నాను, వారం తిరిగేసరికి సగం గుర్తుండటం లేదు. లాటిన్, గ్రీకు మూలాలు నేర్చుకోమని మా లెక్చరర్ అంటున్నారు. ఉన్న ఇంగ్లిషే రాకపోతే మళ్లీ రెండు భాషలా?
- ఒక విద్యార్థిని, పుంగనూరు

జవాబు: రెండు భాషలు అక్కర్లేదమ్మా. ఈ పద్ధతి నీకు తెలుగు వ్యాకరణంలో ఎప్పుడో వచ్చేసింది. ఆహారం, విహారం, సంహారం, పరిహారం: నాలుగింటిలోనూ ఉన్నది ఒకే ‘హారం’. ముందున్న ఉపసర్గ మారేసరికి తిండి కాస్తా చావైంది. ఇంగ్లిష్‌లోనూ ఇంతే. ‘పోర్ట్’ అంటే లాటిన్‌లో మోయడం. లోపలికి మోస్తే ఇంపోర్ట్, బయటికి మోస్తే ఎక్స్‌పోర్ట్, అవతలికి చేరిస్తే ట్రాన్స్‌పోర్ట్. రైల్వే స్టేషన్‌లో మూటలు మోసే పోర్టరూ ఈ ఇంటివాడే.

నీ బైపీసీకి గ్రీకు ఇంకా అక్కరకొస్తుంది. ‘ఐటిస్’ అంటే వాపు. ‘గాస్టర్’ కడుపు, ‘హెపార్’ కాలేయం, ‘ఆర్థ్రాన్’ కీలు. ఇక గ్యాస్ట్రైటిస్, హెపటైటిస్, ఆర్థ్రైటిస్ ఏమిటో నువ్వే చెప్పగలవు. అనీమియాలో ‘అన్’ అంటే లేకపోవడం, మిగిలింది నెత్తురు. మన ‘అనారోగ్యం’లో ఉన్నదీ అదే ‘అన్’. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే కుటుంబం కాబట్టి దంతానికి డెంటల్, పాదానికి పెడల్, అగ్నికి ఇగ్నిషన్ చుట్టాలయ్యాయి.

ప్రశ్న: పిల్లలకు చెప్పడానికి మన చుట్టుపక్కల కనిపించే ఉదాహరణలు ఉన్నాయా?
- ఒక తల్లి, కుప్పం

జవాబు: మీ ఊరి గ్రానైటే ఉందిగా! లాటిన్‌లో ‘గ్రానుమ్’ అంటే గింజ. పాలిష్ పట్టని రాయిని పిల్లల చేతికిచ్చి వేలితో తడమమనండి, గింజలు గింజలుగా తగులుతుంది. ధాన్యం గ్రెయిన్ అయింది, గింజల పండు దానిమ్మ పామ్‌గ్రనేట్ అయింది, ఈ గింజ వల్లే.

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానిటోరియానికి పేరుపొందింది. లాటిన్‌లో ‘సనారే’ అంటే నయం చేయడం. ‘ట్యూబర్’ అంటే గడ్డ. ట్యూబర్‌క్యులోసిస్ అంటే ఒంట్లో చిన్న చిన్న గడ్డలు లేచే జబ్బు. మదనపల్లెలో 1915లో అనీ బిసెంట్ పెట్టిన థియొసాఫికల్ కాలేజీ పేరు చూడండి. గ్రీకులో ‘థియోస్’ దైవం, ‘సోఫియా’ జ్ఞానం. మనవాళ్లు దివ్యజ్ఞానం అని అచ్చంగా దించారు.

ప్రశ్న: మూలం తెలిస్తే ప్రతి మాటకూ అర్థం ఊహించవచ్చా?
- ఒక ట్యూషన్ మాస్టారు, మదనపల్లె

జవాబు: ఊహించండి, కానీ డిక్షనరీలో సరిచూడకుండా బోర్డు మీద రాయకండి మాస్టారూ. పెడల్‌లో ‘పెడ్’ పాదమని పీడియాట్రిషియన్‌ను కాళ్ల డాక్టరు అనుకుంటే పొరపాటు. అక్కడున్నది గ్రీకులో పిల్లలకు వాడే మాట. అక్టోబరులో ‘అక్టో’ ఎనిమిదే అయినా అది పదో నెల. పాత రోమన్ క్యాలెండర్ మార్చితో మొదలయ్యేది. మీ మార్కెట్లో గుట్టలు పోసే టమాటాకు ఈ రెండు భాషలతోనూ సంబంధం లేదు, అది మెక్సికో నహువాతల్ భాష నుంచి స్పానిష్ మీదుగా వచ్చింది. పుంగనూరు ఆవు కొనేవాళ్లు అడిగే పెడిగ్రీలో మాత్రం నిజంగానే పాదం ఉంది. వంశవృక్షం గీతలు కొంగ కాలి వేళ్లలా కనిపించాయని ఫ్రెంచివాళ్లు అలా పిలిచారు.

చివరిగా అందరికీ ఒక మాట. రోజుకు ఇరవై మాటలు మానేసి, వారానికి మూడు మూలాలు పట్టుకోండి. నోటుబుక్కులో ఒక్కోదానికి ఒక్కో పేజీ వదలండి. మందు చీటీ మీదో, దుకాణం బోర్డు మీదో ఆ మూలం కనిపించినప్పుడల్లా అందులో రాసుకోండి. ఏడాదికి నూట యాభై పేజీలు తయారవుతాయి. ఈ వారం ‘పోర్ట్’తో మొదలుపెట్టండి.