చిన్న పెట్టెలో వంద యాంప్లిఫయర్లు: ఏది ఎంచుకోవాలి, ఏం ఆశించాలి?

చేతిలో ఇమిడే పెట్టె. దాని తెరపై వేలు జరిపితే ఒక్కో యాంప్లిఫయర్ బొమ్మ కనిపిస్తుంది. మీట నొక్కగానే గిటార్ ధ్వని మారిపోతుంది. ఇదే డిజిటల్ యాంప్ మోడలర్. బరువైన యాంప్లిఫయర్‌ను మోయలేక చాలామంది గిటారిస్టులు ఇప్పుడు దీన్నే వేదిక మీదికి తీసుకెళుతున్నారు. అయితే కొన్న కొద్ది రోజులకే కొందరిలో అసంతృప్తి మొదలవుతుంది. జాబితాలో పేరు ఉంది కానీ ఆ ధ్వని రావడం లేదంటారు. లోపం పరికరానిదా, మన ఎంపికదా, లేక మనం పెట్టుకున్న ఆశదా? తెలుసుకోవాలంటే ముందు యాంప్లిఫయర్ ఏం చేస్తుందో చూడాలి.

యాంప్లిఫయర్ కూడా వాద్యంలో భాగమే

ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద పికప్ ఉంటుంది. అది అయస్కాంతం, దాని చుట్టూ చుట్టిన సన్నని రాగి తీగ. పైన ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత అభివాహం మారి, రాగి చుట్టలో స్వల్ప వోల్టేజి పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి మలచుకున్న ఎలక్ట్రిక్ మాండలిన్ కూడా ఇలా పుట్టిన సంకేతంతోనే పలికింది.

పాటలు వినడానికి వాడే యాంప్లిఫయర్ సంకేతాన్ని మార్చకుండా పెద్దది చేయాలి. గిటార్ యాంప్లిఫయర్ అలా కాదు. పాత వాల్వు రేడియోల్లో మెరిసే గాజు గొట్టాలే ఇందులోనూ ఉంటాయి. వాటి శక్తికి మించిన సంకేతం వస్తే తరంగపు శిఖరాలు నునుపుగా అణిగిపోతాయి. దాంతో మూలంలో లేని కొత్త అనుస్వరాలు పుడతాయి. 220 హెర్ట్జ్ స్వరానికి 440, 660, 880 హెర్ట్జ్‌లు తోడవుతాయి. మనం ‘డిస్టార్షన్’ అనే గరుకుదనం ఇదే.

రెండు స్వరాలు కలిపి వాయిస్తే వాటి పౌనఃపున్యాల మొత్తాలు, తేడాలు కూడా పుడతాయి. 220, 330 హెర్ట్జ్‌లు షడ్జమం, పంచమంలా 2:3 నిష్పత్తిలో ఉంటాయి. వాటి తేడా 110, అంటే షడ్జమానికి సరిగ్గా ఒక స్థాయి కింద. అందుకే ఆ జంట ఎంత డిస్టార్షన్‌లోనైనా గంభీరంగా నిలుస్తుంది. అదే 220కి అంతర గాంధారం జోడిస్తే గిటార్ మెట్ల మీద అది సుమారు 277.2 హెర్ట్జ్. తేడా 57.2. ఇది ఏ స్వరంతోనూ పొసగదు కాబట్టి ధ్వని బురదగా మారుతుంది. నిండు కార్డులు వాయించేవారు గెయిన్ ఎక్కువగా ఉన్న యాంప్ ఎంచుకుని నిరాశపడటానికి కారణం ఇది. పరికరం అక్కడ తన పని సరిగ్గానే చేస్తోంది.

జాబితా పెద్దది, కుటుంబాలు కొన్నే

మోడలర్‌లో వంద పేర్లు కనిపించినా వాటిలో చాలావరకు కొన్ని కుటుంబాలకు చెందినవే. మొదటిది కాలిఫోర్నియాలో లియో ఫెండర్ సంస్థ తయారుచేసిన యాంప్లిఫయర్ల కుటుంబం. వీటి ప్రత్యేకత స్వచ్ఛమైన, తేటైన ధ్వని. 1950ల చివరి ‘బాస్‌మ్యాన్’ నమూనాను బాస్ గిటార్ కోసం చేశారు, కానీ మామూలు గిటారిస్టులే దాన్ని ఎక్కువగా ఇష్టపడ్డారు. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ బృందం ఆ సర్క్యూట్‌నే ఆధారంగా తీసుకుని జేటీఎం 45ను తయారుచేసింది. రాక్ సంగీతంలో వినే గరుకు ధ్వనికి మార్షల్ వంశం అక్కడ మొదలైంది. మూడో కుటుంబం బ్రిటన్‌కే చెందిన వాక్స్ ఏసీ 30. బీటిల్స్ వాడిన వాక్స్ యాంప్‌ల ధ్వనిలో గంట మోగినట్టు మెరుపు ఉంటుంది. నాలుగోది 1970ల నుంచి మీసా బూగీ వంటి యాంప్‌లతో వచ్చిన అధిక గెయిన్ కుటుంబం. ఇందులో సంకేతాన్ని ఒకదాని తర్వాత ఒకటిగా మరిన్ని దశల్లో పెంచుతారు.

బాస్‌మ్యాన్, జేటీఎం 45 మోడళ్లు వేర్వేరు పేర్లతో ఉన్నా దగ్గరి చుట్టాలు. ఒకదాని నుంచి ఇంకోదానికి మారినప్పుడు భూమ్యాకాశాల తేడా ఆశిస్తే దొరకదు. ముందు కుటుంబాన్ని ఎంచుకుని, తర్వాత ఆ ఇంట్లో ఒకరిని ఎంచుకోవడం మంచి పద్ధతి.

పెట్టె లోపల జరిగేది

మోడలర్ గిటార్ సంకేతాన్ని సెకనుకు 48,000 వంటి సంఖ్యలో నమూనాలుగా కొలిచి, వాటిపై గణితం చేస్తుంది. ఆ గణితాన్ని తయారుచేయడానికి రెండు ప్రధాన మార్గాలున్నాయి. మొదటిది, అసలు యాంప్‌లోని గొట్టాలు, కెపాసిటర్లు, నిరోధకాల ప్రవర్తనను సమీకరణాలుగా రాయడం. ఈ పద్ధతిలో నాబ్ తిప్పితే అసలు యాంప్‌లో మారినట్టే ధ్వని మారే అవకాశం ఎక్కువ.

రెండోది ‘క్యాప్చర్’. అసలు యాంప్‌లోకి తెలిసిన సంకేతం పంపి, బయటికి వచ్చినదాన్ని రికార్డు చేసి, రెండింటి సంబంధాన్ని నేర్చుకోవడం. ఈ పనికి న్యూరల్ నెట్‌వర్కులు బాగా పనికొస్తాయని ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో చూపించారు. అయితే సాధారణ క్యాప్చర్ ఒక ఫొటో లాంటిది. నాబ్‌లు ఏ స్థానంలో ఉన్నప్పుడు తీశారో ఆ ధ్వని మాత్రమే అందులో ఉంటుంది. తర్వాత మోడలర్‌లో నాబ్ తిప్పితే మారేది మోడలర్ సొంత టోన్ నియంత్రణ, ఆ యాంప్‌ది కాదు. ఈ సంగతి తెలియక నిరాశపడేవారు చాలామంది.

గణితంలోనూ ఒక చిక్కు ఉంది. సెకనుకు 48,000 నమూనాలు తీస్తే 24,000 హెర్ట్జ్ దాటిన పౌనఃపున్యాలను సూచించలేం. డిస్టార్షన్ మాత్రం వాటిని పుట్టిస్తూనే ఉంటుంది. 5,000 హెర్ట్జ్‌కు ఏడో అనుస్వరం 35,000. అది వెనక్కి మడతపడి 13,000 హెర్ట్జ్‌గా వినిపిస్తుంది. మూల స్వరంతో దానికి పొందిక ఉండదు కాబట్టి చెవికి కటువుగా తగులుతుంది. దీన్ని తగ్గించడానికి మోడలర్లు లోపల అనేక రెట్లు ఎక్కువ నమూనాలతో లెక్కవేస్తాయి.

ఆశ ఎక్కడ తప్పుతుంది?

మొదటిది స్పీకర్. గిటార్ యాంప్‌లోని 12 అంగుళాల స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ పైన ధ్వనిని బాగా తగ్గించేస్తుంది. స్పీకర్ అనుకరణ ఆపేసి మోడలర్‌ను నేరుగా హెడ్‌ఫోన్‌కు కలిపితే తేనెటీగల రొద వినిపిస్తుంది. యాంప్ మోడల్ బాగోలేదని మార్చేముందు స్పీకర్ అనుకరణ మార్చి చూడండి. చాలాసార్లు పెద్ద తేడా అక్కడే ఉంటుంది.

రెండోది గది. స్పీకర్ అనుకరణ సాధారణంగా మైకు ముందు పెట్టి రికార్డు చేసిన ధ్వని. గదిలో మన కాళ్ల దగ్గర ఉన్న యాంప్ ధ్వని గోడలకు తగిలి, ఛాతీని తాకుతుంది. మోడలర్ ఇచ్చేది క్యాసెట్‌లోనో సినిమా పాటలోనో విన్న గిటార్ ధ్వని. రెండూ నిజమే, కానీ ఒకటి కాదు.

మూడోది శబ్ద తీవ్రత. తక్కువ శబ్దంలో మన చెవి మంద్ర ధ్వనులను సరిగా పట్టుకోదని, తీవ్రత పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతుందని ఫ్లెచర్, మున్సన్ 1933లో చూపించారు. ఇంట్లో రాత్రిపూట తక్కువ శబ్దంలో అమర్చుకున్నప్పుడు చాలని బాస్‌ను పెంచేస్తాం. అదే అమరిక వేదిక మీద గుమ్మరిస్తూ బాస్ గిటార్‌తో, డ్రమ్స్‌తో కలగలిసిపోతుంది. గిటార్ ఎవరికీ వినిపించదు.

ఆలస్యం గురించి భయం కూడా ఉంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. 3 మీటర్ల దూరంలోని యాంప్ ధ్వని చెవికి చేరడానికి దాదాపు 9 మిల్లీసెకన్లు పడుతుంది. మోడలర్ వల్ల కలిగే కొద్ది మిల్లీసెకన్ల ఆలస్యం అందులోపే. కానీ బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో సాధన చేయకండి. వాటి ఆలస్యం చాలా ఎక్కువ, లయ తప్పుతుంది.

మీరే చేసి చూడండి

రెండు యాంప్ మోడళ్లు ఎంచుకుని, రెండింటి శబ్ద తీవ్రతను సమానం చేయండి. ఇది తప్పనిసరి, ఎందుకంటే కొంచెం బిగ్గరగా ఉన్నదే మనకు మెరుగ్గా అనిపిస్తుంది. స్నేహితుడిని మీట దగ్గర కూర్చోబెట్టి, మీరు తెర చూడకుండా వాయించండి. ప్రతిసారీ అతను నాణెం ఎగరేసి వచ్చినదాన్ని బట్టి మోడల్ పెట్టాలి, మీరు ఏదో చెప్పాలి. ఇలా 10 సార్లు చేయండి. కేవలం ఊహతో 9 లేదా అంతకన్నా ఎక్కువ సార్లు సరిగా చెప్పే అవకాశం సుమారు 1 శాతమే. అన్నిసార్లు చెప్పగలిగితే తేడా నిజంగా మీ చెవికి తెలుస్తోందన్న మాట. ఐదారు దగ్గరే ఆగితే, మీరు ఇన్నాళ్లూ విన్న తేడాలో కొంత బొమ్మదీ, పేరుదీ కావచ్చు.

ఆ తర్వాత మిగిలిన రెండు మూడు మోడళ్లను పెట్టుకుని, బృందంతో కలిసి, వేదిక మీద ఉండేంత శబ్దంలో సరిచేసుకోండి. కొత్త పెట్టె కొనడానికి డబ్బు తీసేముందు ఈ ఒక్క సాయంత్రం ఖర్చుపెడితే, ఆ డబ్బు మిగిలే అవకాశం ఉంది.