మువ్వల కర్ర చెప్పిన పాఠాలు

మాది ఉద్దానం. పలాస దాటి సముద్రం వైపు వెళ్తే జీడితోటలూ కొబ్బరితోటలూ కలిసిపోయిన పల్లె. లెక్కల మాస్టారుగా 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు కొన్నాళ్లు ఊళ్లో, కొన్నాళ్లు కెనడాలో అమ్మాయి దగ్గర. వాళ్లుండే కాల్గరీ నుంచి బాన్ఫ్ కొండలు కారులో గంటన్నర. అక్కడా ఇక్కడా ఎలుగుబంట్లే. నడుస్తుంటే దానంతటదే మోగే గంట గురించి ఈ 72 ఏళ్లలో నాకు అర్థమైన నాలుగు ముక్కలు రాస్తున్నాను.

1. గంట బెదిరించడానికి కాదు, కబురు పెట్టడానికి

మా అయ్య తెల్లారగట్ల తోటకు బయల్దేరితే చేతిలో వెదురుకర్ర ఉండేది. పిడికిలికి కాస్త కింద, పాత ఎద్దు మెడపట్టీ నుంచి ఊడదీసిన ఏడు ఇత్తడి మువ్వలు. కర్ర నేలకు తగిలినప్పుడల్లా ఘల్లుమనేవి. "దీనికి ఎలుగు భయపడతాదా అయ్యా?" అని అడిగితే, "భయపడితేనే మీదికొస్తాదిరా. మనం వస్తన్నట్టు ముందే తెలిస్తే చాలు, దాని దారిన అది పోతాది" అనేవాడు.

ఎలుగు పుట్ట తవ్వి చెదలు పీల్చేటప్పుడు ఆ బుసబుసల్లో దానికి మన అడుగులు వినబడవు. తలెత్తేసరికి ఎదురుగా మనిషి ఉంటే ఉలిక్కిపడి మీద పడుతుంది. పూర్వం అడవి దారుల్లో టపా మోసిన రన్నర్ల చేతిలో బల్లెం ఉండేది, దానికి గజ్జెలుండేవి. బల్లేనికి పని పడకుండా చూడటమే ఆ గజ్జెల పని.

2. నడక ఆగితే గంటా ఆగుతుంది

జీడిపిక్కలు ఏరడానికి కూర్చున్నప్పుడు అయ్య కర్రను చెట్టుకు ఆనించేవాడు. మువ్వలు మూగపోయేవి. అప్పుడు ఏదో ఒక పదం ఎత్తుకునేవాడు, లేదా ఊరికే దగ్గేవాడు. ఆ దగ్గు జలుబుది కాదని నాకు చాలాకాలానికి గానీ తెలియలేదు.

కొండదారుల్లో తిరిగే సైకిళ్లకు ఇప్పుడు కుదుపుకు మోగే గంటలొచ్చాయి. రాళ్ల మీద గలగలమంటాయి. నున్నటి పల్లంలో, వేగం పెరిగిన చోటే, నోరు మెదపవు. బాన్ఫ్‌లో ఒకసారి మలుపు దగ్గర ఓ కుర్రాడు నా మోచేతిని రాసుకుంటూ దూసుకుపోయాడు. పాపం ఆగి, క్షమించమని, హ్యాండిల్‌కున్న గంట చూపించాడు. ఉంది, కానీ మోగలేదు. కుదుపు ఎక్కడుందో గంటకు తెలుసు, ప్రమాదం ఎక్కడుందో తెలీదు. మలుపు దగ్గర బ్రేకూ నోరూ మనమే వాడాలి.

3. ఏటి హోరులో గంట నిలవదు

మొదటి ఏడాది అమ్మాయి నా సంచికి ఎలుగుల గంట కట్టింది. ఉసిరికాయంత గంట, వెల్‌క్రో పట్టీ, వద్దనుకున్నప్పుడు నాలుకను పట్టి ఉంచే చిన్న అయస్కాంతం. ముచ్చటగానే ఉంది. కానీ పార్క్స్ కెనడా వాళ్లు చెప్పేది వేరు: గంట ఒక్కటే చాలదు, గొంతెత్తండి, చప్పట్లు కొట్టండి. ముఖ్యంగా ఏటి పక్కన, పొదలు దట్టమైన చోట, కాయలు పండిన చోట, ఈదురుగాలిలో.

లెక్కల మాస్టారిని కదా, రుజువు చూడందే ఒప్పుకోను. మనవరాలిని ఏటి ఒడ్డున గంట ఊపుతూ నిలబడమని వెనక్కి నడిచాను. నలభయ్యో అడుగుకు గంట వినబడలేదు. "తాతా, చాలా?" అన్న కేక మాత్రం వినబడింది. ఆ రోజు నుంచి మలుపు మలుపుకూ ఇద్దరం ఎక్కాలు అందుకుంటాం. బళ్లో ఎప్పుడూ రాని పదమూడో ఎక్కం దానికి ఆ కొండ మీదే వచ్చింది.

4. రోజూ మోగేది ఎవరి చెవికీ ఎక్కదు

అడవిపందుల బాధ పడలేక మా తమ్ముడు చిలగడదుంప చేలో సెన్సర్ సైరన్ పెట్టాడు. ఒంటి వేడి కదిలితే పసిగట్టి కూస్తుంది. వారం రోజులు పందుల జాడ లేదు. మూడో వారానికి సరిగ్గా సైరన్ కిందే దుంపలు తవ్వాయి. కుక్క పరుగెత్తినా, ఎండకు కాగిన ఆకులు ఊగినా అదే కూత కాబట్టి, ఇంట్లోవాళ్లు కూడా లేవడం మానేశారు. తర్వాత చోటు మార్చి, కూత మార్చి, మోగినప్పుడల్లా ఒక మనిషి లైటు పట్టుకుని వెళ్లడం మొదలెట్టాకే కాస్త ఫలితం కనబడింది. చప్పుడు వెనకాల మనిషి లేడని జంతువు తొందరగానే పసిగడుతుంది.

5. గంట కట్టినవాడు చెవులు మూసుకోకూడదు

సంచికి గంట, చెవుల్లో పాటలు. ఇలా నడిచే పిల్లలు బాన్ఫ్‌లో రోజూ ఎదురవుతారు. ముందు పొదలో కొమ్మ విరిగినా, వెనక సైకిలు వచ్చినా వాళ్లకు తెలియదు. ఇంకొందరు గంటను బయట వేలాడదీసి, మిరపఘాటు చిమ్మే బేర్ స్ప్రేను సంచి అడుగున బట్టల కింద దాస్తారు. అది నడుముకు ఉండాలి, చెయ్యి వేస్తే అందాలి. ఎలుగు కనబడ్డాక గంటతో పనిలేదు. పరుగెత్తకుండా, మెల్లగా మాట్లాడుతూ వెనక్కి తగ్గడమే.

6. జంతువు మారితే పాఠం మారుతుంది

2023 ఆగస్టులో తిరుమల అలిపిరి మెట్లదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ వార్త చదివిన రోజు అన్నం సయించలేదు. చిరుత సంగతి ఎలుగులా కాదు. అది ఉలిక్కిపడి మీద పడదు, పొంచి చూసి చిన్నదాన్ని, ఒంటరిదాన్ని ఎంచుకుంటుంది. పాప కాలికి మువ్వలు కట్టి ముందు పరుగెత్తనిస్తే ఆ మువ్వలు కాపాడవు. ఆ తర్వాత దేవస్థానం వాళ్లు నడిచేవారిని గుంపులుగా పంపారు, చేతికర్రలిచ్చారు, మధ్యాహ్నం 2 దాటితే పిల్లలను మెట్లెక్కనివ్వలేదు. బాన్ఫ్‌లోనూ లార్చ్ లోయ దారిలో కొన్ని కాలాల్లో కనీసం నలుగురు దగ్గరదగ్గరగా నడవాలని ఆంక్ష పెడతారు. పిల్లలు మధ్యలో, పెద్దలు ముందూ వెనకా. ఈ వరసకు సాటివచ్చే గంట ఇంకా ఎవరూ చేయలేదు.

7. నోరు కట్టడమూ తెలియాలి

అయ్య తోట దాటి ఊళ్లోకి వచ్చేటప్పుడు మువ్వలను గుప్పిట్లో పట్టుకునేవాడు. ఎందుకని అడిగితే, "ఇక్కడ ఎవడికి చెప్పాలిరా, నేనొచ్చినానని?" అన్నాడు. కొండ మీద మైదానం వచ్చి, నాలుగు పక్కలా చూపు ఆనుతున్నప్పుడు నేనూ గంటకు అయస్కాంతం తగిలిస్తాను. టక్కుమని చప్పుడై గంట ఊరుకుంటుంది. అప్పుడు మనవరాలు కూడా ఎక్కం ఆపేస్తుంది. మళ్లీ చెట్లలోకి దిగే ముందు నేను గుర్తు చేయక్కర్లేదు. "పదమూడొకట్ల పదమూడు" అని తనే అందుకుంటుంది.