కన్నెపెట్టలకు గ్రుడ్ల గూడు అలవాటు చేయుట

కోడిపెట్ట తొలిగ్రుడ్డు పెట్టిన చోటనే తరువాతి గ్రుడ్లను గూడ తరచుగా పెట్టును. ఆ చోటు గడ్డివామియో, పొదయో అయినచో గ్రుడ్లు కుక్కలకును, ముంగిసలకును పోవును గాని యింటికి రావు. కావున వరంగల్లు ప్రాంతపు రైతులు గూటిని ముందుగనే అమర్చుకొనవలెను.

నాటుపెట్టలైనను, హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధనాసంస్థ వృద్ధిచేసిన వనరాజా, గ్రామప్రియ పెట్టలైనను సామాన్యముగా ఆఱుమాసముల ప్రాయమున గ్రుడ్లకు వచ్చును. అంతకు 2, 3 వారముల ముందే గూడు పెట్టవలెను. అన్నివైపుల 1 అడుగు కొలత గల చెక్కపెట్టెయైనను, వెదురుగంపయైనను చాలును. 4, 5 పెట్టలకు ఒక గూడు వలయును.

గూటిని చీకటి మూలను, నేలకు 1 అడుగు ఎత్తున నుంచి, పొడి వరిగడ్డి పఱచవలెను. పెట్టలు రాత్రి ఎత్తైన చోటు కోరును గనుక, అవి నిద్రించు కఱ్ఱ గూటికంటె ఎత్తున నుండవలెను. లేనిచో గూటిలోనే పండుకొని రెట్టతో చెఱచును.

గూటిలో గ్రుడ్డంత నున్నని తెల్లరాయి నుంచినచో పెట్ట దానిని చూచి అచ్చటనే కూర్చుండును. గ్రుడ్లు ఎక్కువగా ఉదయముననే పెట్టును గావున, క్రొత్తపెట్టలను కొన్నిదినములు 10 గంటలవఱకు బయటికి విడువరాదు. ప్రతిదినము గ్రుడ్లు తీయవలెను. పగిలిన గ్రుడ్డు రుచి మరగిన పెట్ట తన గ్రుడ్లను తానే తినును.