ఇంట్లో షేర్ చేసిన ప్రింటర్ పనిచేయకపోతే

ఇంటి నుంచి పనిచేసేవాళ్లలో చాలామందిది ఒకటే ఏర్పాటు. హాల్లో డెస్క్‌టాప్, దానికి యూఎస్‌బీ కేబుల్‌తో ప్రింటర్, మిగతా ల్యాప్‌టాప్‌లన్నీ వైఫై మీద ఆ ప్రింటర్‌కే ప్రింట్లు పంపడం. గంటలో సంతకం పెట్టి, స్కాన్ చేసి పంపాల్సిన అగ్రిమెంట్ మెయిల్‌లో వచ్చినప్పుడు స్క్రీన్ మీద 'ఆఫ్‌లైన్' అని కనిపిస్తే, ఆ కంగారులో చేసే పనులే ఎక్కువ నష్టం తెస్తాయి. డ్రైవర్ తీసేస్తారు, ఫైర్‌వాల్ ఆపేస్తారు, ఏదో వీడియో చూసి రిజిస్ట్రీలో అంకెలు మారుస్తారు. మొదట ఉన్నది ఒక్క లోపమే. అరగంట తర్వాత మూడు ఉంటాయి, వాటిలో రెండు మనం పెట్టినవే.

ఎక్కడ తెగిందో తెలిసేదాకా ఏ సెట్టింగూ మార్చకండి. మీరు పంపిన ప్రింట్ ల్యాప్‌టాప్‌లో బయల్దేరి, రౌటర్ మీదుగా హోస్ట్‌కి, అంటే ప్రింటర్ తగిలించి ఉన్న కంప్యూటర్‌కి చేరుతుంది. అక్కడ స్పూలర్ అనే ప్రోగ్రాం దాన్ని క్యూలో పెట్టి ప్రింటర్‌కి పంపుతుంది. వెతకడం ప్రింటర్ వైపు నుంచి మొదలుపెట్టాలి. హోస్ట్ ముందు కూర్చుని టెస్ట్ పేజీ కొట్టండి. అది రాలేదంటే సమస్య షేరింగ్‌ది కాదు, మీ ల్యాప్‌టాప్‌లో ఎంత తవ్వినా దొరకదు. చాలాసార్లు క్యూలో ఒక పాడైన ఫైల్ ఇరుక్కుని వెనకాలవాటిని ఆపేస్తుంది. సర్వీసెస్‌లోకి వెళ్లి ప్రింట్ స్పూలర్‌ని ఆపండి. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాని లోపలి ఫైళ్లు మాత్రమే తీసేసి, ఫోల్డర్‌ని అలాగే ఉంచి, స్పూలర్‌ని మళ్లీ స్టార్ట్ చేయండి. క్యూలో వేరేవాళ్ల ప్రింట్లు ఉంటే అవీ పోతాయి, ముందే అడగండి.

హోస్ట్‌లో టెస్ట్ పేజీ వచ్చిందా? అయితే మీరు వెళ్లేముందు ఆ కంప్యూటర్ నిద్రపోతూ ఉందేమో గుర్తు తెచ్చుకోండి. ఇళ్లలో 'ఆఫ్‌లైన్' అన్న మాటకి అన్నిటికన్నా మామూలు కారణం ఇదే. హోస్ట్ స్లీప్‌లోకి వెళ్తే షేరింగ్ కూడా ఆగుతుంది. పవర్ సెట్టింగ్స్‌లో ప్లగ్ పెట్టి ఉన్నప్పుడు స్లీప్‌ని 'నెవర్' చేయండి. స్క్రీన్ ఆరిపోయినా ఫర్వాలేదు. హోస్ట్ ల్యాప్‌టాప్ అయితే మూత వేసినప్పుడు ఏం చేయాలో కూడా అక్కడే మార్చాలి. ఇంకొకరి ఆఫీసు ల్యాప్‌టాప్‌ని మాత్రం హోస్ట్‌గా పెట్టుకోకండి. వాళ్లు దాన్ని బ్యాగులో పెట్టుకుని ఆఫీసుకి వెళ్లిన రోజు మీకు ప్రింటర్ లేనట్టే.

తర్వాత, రెండు కంప్యూటర్లూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయో లేదో చూడాలి. 'ఒకే ఇల్లు, ఒకే ఇంటర్నెట్' అని వదిలేయకండి. రెండంతస్తుల ఇంటి సంగతి తీసుకుందాం. ఫైబర్ కంపెనీ ఇచ్చిన రౌటర్ కింద, సిగ్నల్ అందడం లేదని సొంతంగా కొన్న రౌటర్ పైన. రెండిట్లోనూ ఇంటర్నెట్ వస్తుంది. కానీ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టి చూస్తే కింద 192.168.1తో, పైన 192.168.0తో మొదలయ్యే అడ్రస్‌లు కనిపిస్తాయి. అంటే అవి రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు, కింది కంప్యూటర్‌కి పైది కనిపించదు. పై రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చితే రెండూ ఒకటవుతాయి. గెస్ట్ వైఫైలో ఉన్నా ఇదే తంతు. గెస్ట్ నెట్‌వర్క్ పెట్టేదే మిగతా పరికరాలు కనపడకుండా.

కొత్త రౌటర్ పెట్టాక, లేదా వైఫై పేరు మార్చాక ప్రింటర్ పోయిందంటే ముందు నెట్‌వర్క్ ప్రొఫైల్ చూడండి. విండోస్ ఆ వైఫైని కొత్త నెట్‌వర్క్‌గా భావించి 'పబ్లిక్' కింద పెడుతుంది. రైల్వే స్టేషన్ వైఫైలో ఉన్నంత జాగ్రత్తగా షేరింగ్‌ని మూసేస్తుంది. హోస్ట్‌లో, మీ ల్యాప్‌టాప్‌లో దాన్ని 'ప్రైవేట్' చేసి, అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేస్తే చాలు. ఫైర్‌వాల్ మొత్తం ఆపాల్సిన అవసరం లేదు. విడిగా కొన్న యాంటీవైరస్‌లో సొంత ఫైర్‌వాల్ ఉంటే అందులో కూడా ఇంటి నెట్‌వర్క్‌ని నమ్మదగినదిగా గుర్తించాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

ఇప్పుడు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సంగతి. అన్నీ సరిగ్గా ఉన్నా పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోయే ఇళ్లు ఎక్కువ. రోజూ నాలుగంకెల పిన్ కొట్టి లాగిన్ అవుతుంటారు, నెట్‌వర్క్ అడిగినప్పుడూ అదే కొడతారు. ఆ పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకే పనిచేస్తుంది, నెట్‌వర్క్ మీద అసలు పాస్‌వర్డే కావాలి. కొన్ని ఇళ్లలో డెస్క్‌టాప్‌కి పాస్‌వర్డే ఉండదు. ఖాళీ పాస్‌వర్డ్‌తో నెట్‌వర్క్ మీదుగా లోపలికి రావడాన్ని విండోస్ ఒప్పుకోదు. కొందరు పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్‌నే ఆపేస్తారు. ఒకప్పుడు నడిచింది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2లో, ప్రో ఎడిషన్‌కి కూడా ఇలాంటి గెస్ట్ ప్రవేశాన్ని డిఫాల్ట్‌గా మూసేశారు. నిలకడగా పనిచేసే దారి ఒకటే. హోస్ట్‌లో ప్రింటింగ్ కోసమే ఒక లోకల్ అకౌంట్ తెరిచి, అడ్మిన్ హక్కులు ఇవ్వకుండా మంచి పాస్‌వర్డ్ పెట్టండి. మీ ల్యాప్‌టాప్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో హోస్ట్ పేరు, ఆ అకౌంట్ వివరాలు ఎక్కించండి. పాత తప్పు పాస్‌వర్డ్ అక్కడ ఉంటే ముందు దాన్ని తీసేయండి. లేకపోతే విండోస్ మిమ్మల్ని అడగకుండానే దాన్నే పంపుతూ ఉంటుంది.

అప్‌డేట్ తర్వాత ఆగిపోయిన ప్రింటర్ల కథ వేరు. 2021 జులైలో ప్రింట్‌నైట్‌మేర్ అనే భద్రతా లోపం బయటపడింది. స్పూలర్ ద్వారా బయటివాళ్లు కంప్యూటర్‌ని చేతిలోకి తీసుకునే వీలున్న లోపం అది. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ వరసగా తలుపులు బిగించింది. అంతకుముందు షేర్డ్ ప్రింటర్‌కి కనెక్ట్ కాగానే డ్రైవర్ దానంతటదే వచ్చేది. ఆ ఆగస్టు నుంచి అడ్మిన్ హక్కులు లేకుండా రావడం లేదు. సెప్టెంబర్ అప్‌డేట్ల తర్వాత చాలామందికి చివర 11బీ అని ఉండే ఎర్రర్, అక్టోబర్ తర్వాత 709 ఎర్రర్ ఎదురయ్యాయి. ఒక మెషీన్‌లో అన్ని అప్‌డేట్లు ఉండి, రెండో దాంట్లో లేనప్పుడు ఇవి ఈనాటికీ వస్తాయి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి పాత హోస్ట్, కొత్త ల్యాప్‌టాప్ ఉన్న ఇళ్లలో వీటిని ఇంకా చూస్తాం.

11బీ ఎర్రర్‌కి రిజిస్ట్రీలో ఒక విలువను సున్నా చేయమనే చిట్కా బాగా తిరుగుతోంది. ప్రింట్ వస్తుంది, నిజమే. కానీ ఏ రక్షణ కోసం ఆ అప్‌డేట్ వచ్చిందో దాన్నే తీసేస్తున్నారు. క్లయింట్ల పాన్ వివరాలు, జీతాల షీట్లు ఉండే మెషీన్‌లో ఆ పని చేయకండి. ముందు రెండు కంప్యూటర్లలోనూ అప్‌డేట్లన్నీ పూర్తి చేయండి. అప్పటికీ రాకపోతే, ప్రింటర్ కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ దించి మీ ల్యాప్‌టాప్‌లో మీరే ఇన్‌స్టాల్ చేసుకోండి. తర్వాత యాడ్ ప్రింటర్‌లో మాన్యువల్ దారిన వెళ్లి, లోకల్ పోర్ట్ కొత్తది పెట్టి, పోర్ట్ పేరుగా రెండు బ్యాక్‌స్లాష్‌లు, హోస్ట్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ప్రింటర్ షేర్ పేరు ఇవ్వండి. రిజిస్ట్రీ జోలికి పోకుండానే చాలాసార్లు ఇది నడుస్తుంది. షేర్ పేరులో ఖాళీలు లేకుండా చిన్నగా పెట్టుకుంటే తలనొప్పి తగ్గుతుంది. ఇక హోమ్‌గ్రూప్ తెరవమని చెప్పే సలహా కనిపిస్తే అక్కడే ఆపేయండి. దాన్ని 2018లోనే విండోస్ 10 నుంచి తీసేశారు.

వైఫై ఉన్న ప్రింటర్‌ని నేరుగా వాడుతుంటే హోస్ట్ గొడవ లేదు, కానీ ఐపీ అడ్రస్ గొడవ ఉంది. కరెంటు పోయి వచ్చి రౌటర్ మళ్లీ లేచాక ప్రింటర్‌కి వేరే ఐపీ రావచ్చు. మీ ల్యాప్‌టాప్ మాత్రం పాత అడ్రస్‌కే పంపుతూ ఉంటుంది. రౌటర్ పేజీలో ప్రింటర్‌కి ఒక ఐపీ రిజర్వ్ చేస్తే ఈ బెడద పోతుంది. అడ్రస్ సరిగ్గా ఉండి, పింగ్ కొడితే జవాబు వస్తూ, అయినా 'ఆఫ్‌లైన్' అంటుంటే, పోర్ట్ సెట్టింగ్స్‌లో 'ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్' టిక్ తీసి చూడండి. పదేపదే ఇన్‌స్టాల్ చేసినవాళ్ల లిస్టులో అదే ప్రింటర్ 'కాపీ 1', 'కాపీ 2' అని పేరుకుపోయి, పనిచేయనిదే డిఫాల్ట్‌గా కూర్చుని ఉంటుంది. పాతవి తీసేయండి.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఆన్ చేయగానే ఇంటి ప్రింటర్ మాయమైతే అది లోపం కాకపోవచ్చు. చాలా కంపెనీలు ట్రాఫిక్ మొత్తాన్ని తమ నెట్‌వర్క్ గుండానే పంపిస్తాయి, ఇంటి పరికరాలతో మాట్లాడనివ్వవు. ఐటీ టీంకి టికెట్ పెట్టి, ఇంటి ప్రింటర్ వాడొచ్చో లేదో రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చేలోగా కంపెనీ ఫైల్‌ని సొంత మెయిల్‌కి పంపుకోవడం, వాట్సాప్‌లో జిరాక్స్ షాపుకి పంపి ప్రింట్ తీయించుకోవడం చేయకండి. కంపెనీ మెయిల్ నుంచి బయటికి వెళ్లిన ఫైల్ రికార్డులో ఉంటుంది. ప్రింట్ ఆలస్యమైందని మేనేజర్ ఒక మాట అనొచ్చు. డేటా పాలసీ దాటితే మాట్లాడేది హెచ్ఆర్. చాలా డాక్యుమెంట్లకి ఇప్పుడు ఈ-సంతకం చాలు, అవతలివాళ్లు ఒప్పుకుంటారేమో ముందు అడగండి.

వారానికోసారైనా ప్రింట్ తప్పనిసరైన పని మీదైతే వేరొకరి కంప్యూటర్ మీద ఆధారపడే ఏర్పాటు ఎక్కువకాలం ఉంచకండి. మన ఊళ్లలో ఇప్పటికీ నడుస్తున్న కానన్ ఎల్‌బీపీ 2900 లాంటి ప్రింటర్లకి యూఎస్‌బీ తప్ప వేరే దారి లేదు, సొంత డ్రైవర్ ఉన్న కంప్యూటర్ లేనిదే అవి పనిచేయవు. అలాంటివాటిని ఇంకొన్నాళ్లు వాడుకోండి, మార్చేటప్పుడు మాత్రం వైఫై లేదా లాన్ పోర్ట్ ఉన్నది, ఎయిర్‌ప్రింట్ లేదా మోప్రియా సపోర్ట్ చేసేది చూసి కొనండి. చవక వైఫై మోడళ్లలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కే కనెక్ట్ అవుతాయి. రౌటర్‌లో ఆ బ్యాండ్ ఆపేసి ఉంటే సెటప్‌లోనే ఆగిపోతారు.

అప్పటిదాకా ప్రింటర్ డ్రైవర్‌ని మీ ల్యాప్‌టాప్‌లో ముందే ఇన్‌స్టాల్ చేసి ఉంచండి. నెట్‌వర్క్ మొత్తం మొరాయించినా ల్యాప్‌టాప్‌ని హాల్లోకి తీసుకెళ్లి, డెస్క్‌టాప్ నుంచి యూఎస్‌బీ కేబుల్ తీసి నేరుగా మీ దానికి పెట్టి ప్రింట్ తీసుకోవచ్చు. ఇది పని లేని రోజున ఒకసారి చేసి చూడండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో చిన్న యూఎస్‌బీ-సీ పోర్టులే ఉంటున్నాయి, ఆ కేబుల్ పట్టడానికి అడాప్టర్ కావాల్సి రావచ్చు.